అధికారికి పర్యావరణ ఆడిట్ పెడితే ఫ్యాక్టరీలో కొత్త టెక్నాలజీ పుడుతుందా? (చైనా పద్ధతి, మన పటాన్‌చెరు)

#1 ఇస్నాపూర్ శీను

చైనాలో ఒక పద్ధతి ఉంది, మన దగ్గర దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. మేయరో, పార్టీ కార్యదర్శో కుర్చీ దిగేటప్పుడు ఆయన హయాంలో అక్కడి నేల, నీళ్లు, అడవులు, గనులు ఏ స్థితికి వచ్చాయో ఆడిట్ చేస్తారు. డబ్బుల లెక్క తేల్చినట్టే ప్రకృతి లెక్క కూడా తేల్చి పొమ్మంటారన్నమాట. 2013 నవంబర్‌లో కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీ సమావేశంలో ఈ మాట వచ్చింది. కొన్ని ప్రాంతాల్లో పైలట్‌గా నడిపారు. 2017 నవంబర్‌లో నిబంధనలు ఇచ్చి, 2018 నుంచి దేశమంతా పెట్టారు. ఆడిట్‌లో తేలింది ఆ అధికారి ఫైల్లోకి వెళ్తుంది. ప్రమోషన్ మాట వచ్చినప్పుడు అది కూడా చూస్తారు. ఇది కాక 2015 ఆగస్టులో తెచ్చిన ఇంకో రూలు ప్రకారం, తీవ్రమైన నష్టం జరిగితే బదిలీ అయినా, రిటైరైనా బాధ్యత వదలదు.

ఇప్పుడు నా డౌటు. ఆడిట్ జరిగేది అధికారికి, కంపెనీకి కాదు. అయినా అక్కడి ఆర్థికవేత్తలు కంపెనీల పేటెంట్లు లెక్కపెడుతున్నారు. ఆడిట్ వచ్చాక స్టీలు, సిమెంటు, కెమికల్స్, మందుల కంపెనీలు కాలుష్యం తగ్గించే టెక్నాలజీ మీద ఎక్కువ పనిచేశాయా అని. ఆఫీసర్‌కు టెన్షన్ పెడితే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టుకు ఐడియా వస్తుందా? మన సంగారెడ్డిలో, మేడ్చల్‌లో ఇలాంటిది పెడితే ఏమవుతుంది? బొల్లారం, గడ్డపోతారం, జీడిమెట్ల పారిశ్రామికవాడల వైపు పనిచేసేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కదా, చెప్పండి.

#2 ఎండీసీ వాసన

ఐడియా రాదు. కన్సల్టెంట్ వస్తాడు.

#3 కూకట్‌పల్లి లెక్కలాయన

నవ్వొచ్చింది గానీ, అంత తేలిగ్గా కొట్టేయకండి.

నేను ఆడిట్ శాఖలో చేసి రిటైరయ్యాను. మన కాగ్ కూడా పర్యావరణ ఆడిట్లు చేస్తుంది. దీనికోసమే జైపూర్‌లో ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. దేశంలో నీటి కాలుష్యం మీద 2011-12లో వచ్చిన కాగ్ రిపోర్టు ఓపిగ్గా చదివితే ఎక్కడెక్కడ ఏం జరగలేదో బాగానే తెలుస్తుంది. కానీ అందులో దోషి ఎప్పుడూ శాఖే. 'శాఖ చర్యలు తీసుకోలేదు', 'బోర్డు పర్యవేక్షించలేదు', ఇలా ఉంటుంది భాష. శాఖకు ప్రమోషన్ ఆగదు, పెన్షన్ తగ్గదు. రిపోర్టు సభ ముందుకొచ్చి, పీఏసీకి (ప్రజా పద్దుల కమిటీకి) వెళ్లి, శాఖ జవాబు రాసే నాటికి అప్పటి ఆఫీసరు నాలుగు కుర్చీలు మారి ఉంటాడు.

చైనా వాళ్లు పట్టుకున్నది ఈ ముడినే. అక్కడ చాలా ఏళ్లు నాయకుడి ఎదుగుదల ఆ ప్రాంతం జీడీపీతో ముడిపడి ఉండేది. అందుకే పన్ను కట్టే ఫ్యాక్టరీ ఎంత పొగ వదిలినా ముద్దు చేసేవాళ్లు. ఇప్పుడు అదే నాయకుడి ఫైల్లో నది పరిస్థితి కూడా ఎక్కుతోంది. అలాంటప్పుడు ఆయన ఫ్యాక్టరీ యజమానిని పిలిచి ఏం మాట్లాడతాడో ఊహించుకోండి. కంపెనీకి కొత్త చట్టమేమీ రాలేదు. ఉన్న చట్టాన్ని అమలు చేయాల్సినవాడికి అవసరం వచ్చిందంతే. శీనుగారి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

#4 తార్నాక స్కాలర్

మిగతా సగం చిక్కుగా ఉంటుంది. కొంచెం పెద్ద పోస్టు, ఓర్చుకోండి.

1991లో మైకేల్ పోర్టర్ అనే అమెరికా ప్రొఫెసర్ ఒక వాదన తెచ్చాడు. కాలుష్యమంటేనే వృథా అయిన ముడిసరుకు, కాబట్టి గట్టి నిబంధన పెడితే కంపెనీ ఆ వృథాను వెతుక్కుని కొత్త పద్ధతి కనిపెడుతుంది, ఒక్కోసారి పెట్టిన ఖర్చు కూడా వెనక్కొస్తుంది అని. దీనికి ఎదురు వాదన ఏమిటంటే, కంపెనీ దగ్గరున్న డబ్బు ఒక్కటే. దాన్ని శుద్ధి ప్లాంటుకు పెడితే పరిశోధనకు మిగలదు. చైనా అధికారుల ఆడిట్ మీద వచ్చిన పేపర్లన్నీ ఈ రెండింటి మధ్యే తిరుగుతాయి. షాంఘై, షెన్‌జెన్ మార్కెట్లలో లిస్టైన భారీ కాలుష్య కంపెనీలను తీసుకుని, పైలట్ ప్రాంతాల్లో ఉన్నవాటిని మిగతావాటితో పోలుస్తారు, ఆడిట్‌కు ముందూ తర్వాతా. ఫలితాలు అన్నీ ఒకే మాట చెప్పవు. గ్రీన్ పేటెంట్లు పెరిగాయన్నవి ఉన్నాయి. సంఖ్య పెరిగింది గానీ సరుకు లేదన్నవీ ఉన్నాయి.

ఆ సరుకు సంగతి చూడండి. చైనాలో పేటెంటు ముఖ్యంగా రెండు రకాలు. ఇన్వెన్షన్ పేటెంటుకు లోతైన పరీక్ష ఉంటుంది, 20 ఏళ్లు నడుస్తుంది. యుటిలిటీ మోడల్‌కు అంత పరీక్ష లేదు, 10 ఏళ్లు. ఫిల్టర్‌కు ఒక బ్రాకెట్ మార్చినా రెండోది తెచ్చుకోవచ్చు. పైనుంచి ఒత్తిడి వచ్చి, తొందరగా ఏదో ఒకటి చూపించాల్సి వస్తే కంపెనీ దేని వెంట పడుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకో పేపరు ఉంది, 2020లో వచ్చింది. అది ఆడిట్ గురించి కాదు, నదుల మీద పెట్టిన నీటి నాణ్యత కేంద్రాల గురించి. ఆ కేంద్రం తనకు ఎగువ నుంచి వచ్చే నీటినే కొలుస్తుంది. దిగువన కలిసేది దానికి కనిపించదు. అధికారి భవిష్యత్తు ఆ రీడింగ్ మీద ఆధారపడింది కాబట్టి, కేంద్రానికి కాస్త ఎగువన ఉన్న ఫ్యాక్టరీల మెడ మీద కత్తి పెట్టి, కాస్త దిగువన ఉన్నవాటిని వదిలేశారు. ఎగువన ఉన్న కాలుష్య కంపెనీల ఉత్పాదకత దిగువవాటికంటే 24 శాతానికి పైగా తగ్గిందని వాళ్ల లెక్క. నది ఒకటే, చట్టం ఒకటే. మీటరు ఎక్కడుందన్నదే తేడా.

#5 నక్కవాగు

ఎగువ, దిగువ అంటుంటే మా ఊరి కథే చెప్తున్నట్టుంది.

పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో అచ్చేశారు. అది శుద్ధి చేశాక వదిలిన నీళ్ల లెక్క! ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరకు పోయేవి. 1990 నుంచి సుప్రీంకోర్టులో కేసు నడిచింది. చివరికి ఏం కనిపెట్టారంటే, పైపు. 18 కిలోమీటర్ల పైపు వేసి ఆ నీళ్లను అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపారు. మా వాగు రీడింగ్ మారింది. అటువైపు మూసీ కింద భువనగిరి, నల్లగొండ రైతుల సంగతి ఆ రీడింగ్‌లో ఉండదు.

ఇప్పుడు చెప్పండి, మా జిల్లా అధికారికి ఆ రోజుల్లో ఆడిట్ చేసి ఉంటే మంచి మార్కులు పడేవా, లేదా?

#6 తార్నాక స్కాలర్

పడేవి. ఇంతకంటే మంచి ఉదాహరణ నా థీసిస్‌లో కూడా లేదు.

#7 నైట్ షిఫ్ట్

ఈహెచ్‌ఎస్‌లో (ఫ్యాక్టరీలో పర్యావరణం, ఆరోగ్యం, భద్రత చూసే విభాగం) పనిచేస్తాను, కంపెనీ పేరు అడక్కండి. కొత్త టెక్నాలజీ అంటే మా దగ్గర ఏం వచ్చిందో చెప్తా. జీరో లిక్విడ్ డిశ్చార్జ్, అంటే చుక్క వ్యర్థ జలం కూడా బయటికి వదలకపోవడం, ఆ మాట అందరూ వినే ఉంటారు. రియాక్టర్ల నుంచి వచ్చే వ్యర్థ జలాలను రెండుగా విడదీస్తాం. ఉప్పులు ఎక్కువున్నది హెచ్‌టీడీఎస్, తక్కువున్నది ఎల్‌టీడీఎస్. హెచ్‌టీడీఎస్ ముందు స్ట్రిప్పర్‌లోకి వెళ్తుంది, అక్కడ సాల్వెంటు (రసాయనాలను కరిగించే ద్రవం) విడిపోతుంది. తర్వాత ఎంఈఈలో (దశలు దశలుగా నీటిని ఆవిరి చేసే యంత్రం) స్టీమ్ పెట్టి చిక్కబరుస్తాం. చివర్లో ఏటీఎఫ్‌డీ అనే డ్రైయర్. అందులో తిరిగే బ్లేడ్లు గోడకంటిన ఉప్పును గోకి సంచుల్లోకి దింపుతాయి. ఆ సంచులు దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల డంపుకు పోతాయి. ఎల్‌టీడీఎస్ బయలాజికల్ ట్యాంకుల మీదుగా ఆర్వోకు. ఆర్వో వదిలేసింది మళ్లీ ఎంఈఈకే.

చెప్పడానికి బాగుంటుంది. లోడు ఎక్కువైన రాత్రి ఏటీఎఫ్‌డీ గోడకు ఉప్పు రాయిలా పట్టేస్తుంది. మెషీన్ ఆపి నీళ్లు కొట్టి కడగాలి. కడిగిన నీళ్లు ఎక్కడికి? మళ్లీ హెచ్‌టీడీఎస్ ట్యాంకుకే. ఆ ట్యాంకు అప్పటికే నిండి ఉంటే షిఫ్ట్ ఇన్‌చార్జి ప్రొడక్షన్‌కు ఫోన్ చేసి బ్యాచ్ ఆపమంటాడు. ప్రొడక్షన్ ఆపదు, పొద్దున్నే డిస్పాచ్ ఉంది. మా దగ్గర స్పేర్ ట్యాంకు కట్టారు కాబట్టి నెట్టుకొస్తున్నాం. లేనిచోట ట్యాంకర్లు అర్ధరాత్రే ఎందుకు తిరుగుతాయో వేరే చెప్పాలా?

2014లో సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు) 17 రకాల భారీ కాలుష్య పరిశ్రమలను ఆన్‌లైన్ మీటర్లు పెట్టుకోమంది. మీటరు గేటు దగ్గరుంది. గేటు దాటి నీళ్లు పోకపోతే రికార్డు శుభ్రం. కానీ ఆ నీళ్లను మరిగించడానికి బాయిలర్లో కాలిన బొగ్గు, సంచుల్లో పోయిన ఉప్పు ఆ స్క్రీన్ మీద రావు. రియాక్టర్ లోపల కెమిస్ట్రీ పాతికేళ్ల కిందట ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

#8 ఎండీసీ వాసన

ఆ కెమిస్ట్రీ ఎందుకు మారలేదో నేను చెప్తా, అది నా పనే కాబట్టి. #2లో వెటకారం చేశానని కోపం పెట్టుకోకండి.

కిలో సరుకు తయారీకి ఎన్ని కిలోల వ్యర్థం వస్తుందో దాన్ని ఈ-ఫ్యాక్టర్ అంటారు. 1992లో షెల్డన్ అనే కెమిస్టు లెక్కలు వేశాడు. పెద్ద మొత్తంలో తయారయ్యే కెమికల్స్‌కు 1 నుంచి 5, మందులకు 25 నుంచి 100, అంతకుమించి కూడా. అందులో ఎక్కువ భాగం సాల్వెంటే. అంటే కాలుష్యం తగ్గించాలంటే చెయ్యి పెట్టాల్సింది గేటు దగ్గర కాదు, రూట్‌లో, అంటే మందు తయారుచేసే రసాయన పద్ధతిలో.

నేను పనిచేసిన ఒక చోట ఒక స్టెప్పులో ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్ అనే సాల్వెంటు) తీసేసి ఇథైల్ అసిటేట్ పెట్టి చూశాం. ల్యాబ్‌లో కుదిరింది, ఈల్డ్ పడిపోలేదు. కానీ ఆ మందు అమెరికాకు పోతుంది. అక్కడి నియంత్రణ సంస్థకు ఇచ్చిన డ్రగ్ మాస్టర్ ఫైల్లో పాత పద్ధతి రాసి ఉంది. సాల్వెంటు మారితే ఇంప్యూరిటీలు మళ్లీ చూపాలి, స్టెబిలిటీకి బ్యాచులు పెట్టాలి, మా దగ్గర కొనే ప్రతి కంపెనీకీ చెప్పి ఒప్పించాలి. ఏళ్ల పని. మీటింగులో అరగంట మాట్లాడుకుని, ఎంఈఈకి ఇంకో ఎఫెక్ట్ (ఆవిరి చేసే దశ) కలపాలని తేల్చారు. వాళ్లను తప్పు పట్టలేను. ఎంఈఈకి కొటేషన్ వస్తుంది, డెలివరీ తేదీ వస్తుంది, కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్లకు చూపించడానికి ఫోటో వస్తుంది. రూట్ మార్పుకు ఇవేవీ రావు.

కాబట్టి శీను భాయ్, ఆఫీసర్‌కు రెండు మూడేళ్ల పోస్టింగు, ఆ చివర ఆడిట్ అనుకుందాం. ఆయన కంపెనీని ఏమడుగుతాడు? తన హయాంలో కనిపించేదే అడుగుతాడు. స్టీలు, సిమెంటులో దుమ్ము పట్టే ఫిల్టర్ పెడితే చాలావరకు పని జరుగుతుంది కాబట్టి అక్కడ ఆడిట్ బాగానే పనిచేయవచ్చు. బల్క్ డ్రగ్‌లో (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం తయారీలో) ఆయన ఒత్తిడి పనికొచ్చేది కొత్త ప్రొడక్టు ఇంకా ల్యాబ్‌లో ఉన్నప్పుడే, ఫైలింగ్ కాకముందే. ఆ దశలో ఏ బోర్డు ఇంజినీరూ మా గేటు తొక్కడు.

#9 ఇస్నాపూర్ శీను

అంటే అసలు వద్దంటారా?

#10 ఎండీసీ వాసన

వద్దనలేదు. గేటు దగ్గర రీడింగ్‌తో ఆఫీసర్‌ను కొలిస్తే గేటు దగ్గర మెషీనే వస్తుంది అంటున్నా.

#11 బోర్డు బాబాయ్

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, కానీ ఆఫీసర్ల తరఫున కూడా ఒకరు మాట్లాడాలి కదా.

కాలుష్య నియంత్రణలో చాలా ఏళ్లు చేశాను. ఆడిట్ అంటున్నారు, ఎవరిని చేస్తారు? బోర్డు ఇంజినీర్‌నా? ఫ్యాక్టరీకి స్థలం ఇచ్చేది ఒకరు, కరెంటు ఇచ్చేది ఇంకొకరు, పక్కన లేఅవుట్‌కు పర్మిషన్ ఇచ్చేది మరొకరు. చేపలు చచ్చిపోతే టీవీ వాళ్లు మైకు పెట్టేది మాత్రం మా ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) మొహం మీద. ఖాళీలు నింపరు. శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపి, నోటీసిచ్చి, క్లోజర్ ఆర్డర్ దాకా తెస్తే, బ్యాంకు గ్యారంటీ తీసుకుని తెరవమని ఎక్కడి నుంచో ఫోను. నేను ఒక ఫైలు అలా తెచ్చి, అది తేలకముందే బదిలీ అయ్యాను. ఆ లెక్కన ఆడిట్‌లో నా పేరే వచ్చేది, ఫోన్ చేసినాయన పేరు రాదు. చైనాలో పార్టీ కార్యదర్శిని కూడా ఆడిట్ చేస్తారంటున్నారు చూడండి, అసలు విషయం అదీ. ఇక్కడ ఆ కుర్చీకి సమానమైనది ఏదో మీరే చెప్పండి, నేను చెప్పను.

రెండోది, రీడింగ్ మీద ఉద్యోగం ఆధారపడితే రీడింగ్‌కు కాపలా ఎవరు? చైనాలోనే షియాన్ నగరంలో గాలి నాణ్యత కొలిచే యంత్రంలో దూది గుడ్డ కుక్కి, జైలుకు పోయినవాళ్లు ఫ్యాక్టరీ మనుషులు కారు, పర్యావరణ శాఖ అధికారులే. 2016 నాటి సంగతి.

#12 తార్నాక స్కాలర్

నిజమే బాబాయ్. ఆ మధ్యలోనే గాలి కొలిచే జాతీయ కేంద్రాలను స్థానిక ప్రభుత్వాల చేతుల్లోంచి తీసి కేంద్ర ప్రభుత్వం కిందికి తెచ్చుకున్నారు. ఎవరి పనిని కొలుస్తున్నామో కొలబద్ద వాళ్ల చేతిలో పెట్టకూడదని వాళ్లకూ అర్థమైంది.

#13 కూకట్‌పల్లి లెక్కలాయన

దీనికి చైనా దాకా ఎందుకు, గుజరాత్ చాలు. అక్కడ 1996లో హైకోర్టు ఆదేశంతో కంపెనీలకు ఏటా మూడో పక్షం ఆడిట్ పెట్టారు. ఆడిటర్‌ను ఎంచుకునేది కంపెనీ, ఫీజు ఇచ్చేదీ కంపెనీ. రిపోర్టులన్నీ పరిమితికి కొంచెం కిందే ఆగేవి, విచిత్రంగా. 2009 నుంచి రెండేళ్లు ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ రయాన్ అనే ఆర్థికవేత్తలు అక్కడ ప్రయోగం చేశారు. అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లో కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్‌ను లాటరీలో కేటాయించారు, జీతం ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, వాళ్ల రీడింగులను మళ్లీ వెళ్లి తనిఖీ చేశారు. ఆడిటర్ తప్పుడు 'పాస్' రాయడం 80 శాతం తగ్గింది. దాంతో కంపెనీలు నిజంగానే కాలుష్యం తగ్గించాయి. చట్టం అదే, పరిమితులు అవే. మారింది ఆడిటర్‌కు జీతం ఎవరిస్తున్నారన్నదే.

2025 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన ఎన్విరాన్‌మెంట్ ఆడిట్ రూల్స్‌లో కూడా రిజిస్టర్డ్ ఆడిటర్లను ర్యాండమ్‌గా కేటాయిస్తామని ఉంది. ఆడిటర్‌గా నా అనుమానం ఫీజు దగ్గరే. పేరు లాటరీలో వచ్చినా చెక్కు ఫ్యాక్టరీ అకౌంట్స్ సెక్షన్ నుంచే వస్తే పాత కథ మళ్లీ మొదలవుతుంది.

#14 నక్కవాగు

అసలు పరిమితే లేనిదాన్ని ఏ ఆడిటర్ పట్టుకుంటాడండీ? నేను చెప్పిన సిప్రోఫ్లాక్సాసిన్ సంగతే తీసుకోండి. 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా ఇచ్చింది, బల్క్ డ్రగ్ వ్యర్థ జలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో జాబితాతో సహా. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ఆఫీసర్‌నూ కంపెనీనీ ఇద్దరినీ ఆడిట్ చేసినా ఇద్దరూ పాస్.

#15 నైట్ షిఫ్ట్

ఇక్కడ ఎవరూ అడగని కాగితం ఒకటి ఉంది. ఫారం-5, కంపెనీ ఏటా ఇచ్చే పర్యావరణ నివేదిక. పర్యావరణ నియమాల ప్రకారం 1990ల మొదటి నుంచి ఉన్నదే. ప్రతి కంపెనీ ఏటా సెప్టెంబర్ 30 లోపు బోర్డుకు ఇవ్వాలి. మేమూ ఇస్తాం, పోయినేడాది దాన్ని తెరిచి అంకెలు మార్చి. అందులో బీ భాగం చూడండి: ఒక యూనిట్ సరుకుకు ఎన్ని నీళ్లు వాడారు, ఎంత ముడిసరుకు వాడారు, నిరుటి అంకె, ఈ ఏటి అంకె పక్కపక్కనే. #8లో చెప్పిన ఈ-ఫ్యాక్టర్‌కు కావాల్సిన సరుకు చాలావరకు ఇదే. జీ భాగంలో ఇంకా బాగుంటుంది, కాలుష్యం తగ్గించడానికి చేసిన పనుల వల్ల ఉత్పత్తి ఖర్చు మీద పడ్డ ప్రభావం రాయమంటుంది. అంటే పోర్టర్ అడిగిన ప్రశ్నను మన ఫారం ముప్పై ఏళ్లుగా అడుగుతోంది. జవాబులో మేం 'పాజిటివ్' అని రాసి పంపిస్తున్నాం.

ఆఫీసర్‌ను కొలవాలంటే వాగు రీడింగ్‌తో పాటు ఇది పెట్టండి. ఆయన పరిధిలోని కంపెనీల్లో కిలో సరుకుకు వాడే సాల్వెంటు, నీళ్లు ఆయన కుర్చీ ఎక్కినప్పుడు ఎంత, దిగేటప్పుడు ఎంత. పైపు వేసి ఈ అంకెను అంబర్‌పేటకు పంపలేరు.

#16 ఎండీసీ వాసన

ఈ అంకె కోసమైతే మా ల్యాబ్‌కు ఫోన్ వస్తుంది. ఒప్పుకుంటున్నా. కానీ ప్రొడక్ట్ మిక్స్ (ఏ మందు ఎంత తయారుచేశామన్నది) మారితే అంకె దానంతటదే మారుతుంది, కంపెనీ మొత్తానికి సగటు తీస్తే మోసపోతారు. ప్రొడక్టు వారీగా, స్టేజీ వారీగా అడగాలి.

#17 బోర్డు బాబాయ్

అడిగితే ట్రేడ్ సీక్రెట్ అంటారు.

#18 ఇస్నాపూర్ శీను

ఆర్టీఐ వేస్తే ఇస్తారా? లెక్కలాయన గారూ, ఎలా రాయాలో చెబితే నా పేరు మీదే వేస్తా.

#19 కూకట్‌పల్లి లెక్కలాయన

సెక్షన్ 6(1) కింద, 10 రూపాయల ఫీజుతో బోర్డు పీఐఓకు (సమాచార అధికారికి) రాయండి. ఒకే దరఖాస్తులో అన్ని కంపెనీలూ అడగొద్దు, సమాచారం పెద్దదని తిప్పి పంపుతారు. ఒక పారిశ్రామికవాడ, ఐదేళ్ల ఫారం-5లు, బీ, సీ (వదిలిన కాలుష్యం), జీ భాగాలు మాత్రమే అని రాయండి. కంపెనీని అడుగుతామని సెక్షన్ 11 నోటీసిస్తారు, వాళ్లు 8(1)(డి) కింద వ్యాపార రహస్యం అంటారు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని అదే క్లాజులో ఉంది, ఆ వాక్యం దరఖాస్తులో ముందే పెట్టండి. తయారీ ఫార్ములా మాకు అక్కర్లేదు, మొత్తం నీళ్లు, మొత్తం సాల్వెంటు చాలని కూడా స్పష్టంగా రాయండి. 30 రోజుల్లో, సెక్షన్ 11 నోటీసిస్తే 40 రోజుల్లో, జవాబు రాకపోతే మొదటి అప్పీలు.

బాబాయ్ గారూ, ఆ ఐదేళ్లలో ఆ ప్రాంతానికి ఏ హోదాలో ఎవరు ఎన్నాళ్లు పనిచేశారో కూడా వేరే దరఖాస్తులో అడగమంటారా? రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

#20 బోర్డు బాబాయ్

అడగండి. హోదాల జాబితాలో మా బోర్డు వాళ్లను మాత్రమే అడిగి ఆపకండి, కలెక్టరేట్, పరిశ్రమల శాఖ కూడా కలపండి. ఆ వాడలో నేనున్న ఏళ్లు కూడా వస్తే రానీయండి.

#21 నక్కవాగు

శీనన్నా, గడ్డపోతారంతో మొదలుపెట్టు. దరఖాస్తు పెట్టేరోజు చెప్పు, బస్సులో సనత్‌నగర్ బోర్డు ఆఫీసు దాకా నేనూ వస్తా.